రొమ్ములో గడ్డ తగిలితే: చెయ్యి, బొమ్మ, సూది ఒకే మాట చెప్పే దాకా

రొమ్ములో గడ్డ తగిలి డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి అది క్యాన్సర్ కాదు. నీటితిత్తో, ఫైబ్రోఎడినోమా అనే నిరపాయమైన గడ్డో, నెలసరికి ముందు గట్టిపడిన మామూలు కణజాలమో అయి ఉంటుంది. కానీ ఏ గడ్డ ఏమిటన్నది చేత్తో తడిమి తేల్చేయడం ఎంత అనుభవమున్న సర్జన్‌కైనా సాధ్యం కాదు. అందుకే రొమ్ము వైద్యంలో మూడు పరీక్షల నియమం ఒకటుంది. డాక్టరు చేత్తో చూసింది, మామోగ్రామ్ అనే రొమ్ము ఎక్స్‌రేలోనూ అల్ట్రాసౌండ్‌లోనూ కనిపించింది, సూదితో తీసిన ముక్కలో తేలింది. క్లుప్తంగా చెయ్యి, బొమ్మ, సూది. చేసిన పరీక్షలన్నీ ఒకే మాట చెప్పాలి. రెండు ‘ఏమీ లేదు’ అని, ఒక్కటి ‘అనుమానంగా ఉంది’ అంటే, ఆ ఒక్కదాని మాటే వినాలి. ఆలస్యాలు తరచు జరిగేది ఇక్కడే: ఏదో ఒక రిపోర్టు బాగుందని మిగతా రెండిటినీ పక్కన పెట్టేస్తారు.

ఏం గమనించాలి

నెలనెలా ఫలానా రోజున, ఫలానా పద్ధతిలో రొమ్ములు తడిమి చూసుకోవాలని ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు. షాంఘైలో 2,66,064 మంది జౌళి మిల్లుల కార్మికులతో జరిపిన పెద్ద పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాక ఆ పట్టు సడలింది. స్వీయ పరీక్ష నేర్పినవారిలోనూ, నేర్పనివారిలోనూ రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు ఒకేలా ఉన్నాయి. నేర్పినవారిలో క్యాన్సర్ కాని గడ్డలకు చేసిన బయాప్సీలు, అంటే ముక్క తీసి చేసే పరీక్షలు, మాత్రం పెరిగాయి. అలాగని రొమ్ముల సంగతి వదిలేయమని కాదు. మీ రొమ్ములు మామూలుగా ఎలా ఉంటాయో మీకు తెలిసి ఉండాలి. కొత్త మార్పు కనిపిస్తే ఆగకుండా వెళ్లాలి. తేదీ పట్టుకుని చేసే తంతుకన్నా ఈ ఎరుక ముఖ్యం.

క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు. గట్టిగా, అంచు సరిగ్గా అందకుండా, వేళ్లతో జరిపితే జరగకుండా ఉంటుంది. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది చంక వైపున్న పై భాగంలో. నొప్పి లేదు కాబట్టి ఫర్వాలేదనుకోవడం తిరగేసిన లెక్క. నొప్పి లేని కొత్త గడ్డనే ముందు చూపించుకోవాలి.

అద్దం ముందు నిలబడి రెండు చేతులూ పైకెత్తి చూడండి. తర్వాత నడుము మీద చేతులు ఆనించి గట్టిగా నొక్కి చూడండి. రొమ్ము లోపల చర్మానికీ, ఛాతీ కండరం మీది పొరకూ మధ్య సన్నటి తాళ్లలాంటి బంధనాలుంటాయి. లోపల కణితి పెరిగితే ఆ తాళ్లు కురచబడి చర్మాన్ని లోపలికి గుంజుతాయి. చేతులు దించి ఉన్నప్పుడు మామూలుగా ఉన్న చోటే చేతులెత్తగానే చిన్న సొట్ట పడుతుంది. గడ్డ చేతికి అందకముందే ఈ సొట్ట కంటపడవచ్చు.

ఇంకొన్ని గుర్తులు: ఇన్నాళ్లూ బయటికి ఉన్న చనుమొన కొత్తగా లోపలికి పోవడం, పిండకుండానే, ఒకే రంధ్రం నుంచి నెత్తురు గానీ నీళ్లలాంటి ద్రవం గానీ రావడం, చనుమొన మీద తామరలా పొక్కు కట్టి మందులు రాసినా మానకపోవడం, చంకలో గట్టి బిళ్ల (వాచిన లింఫ్ గ్రంథి). చర్మం బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా మారితే లోపలి లింఫ్ నాళాలు మూసుకుపోయాయని అర్థం. రొమ్ము ఎర్రబడి, వాచి, వేడిగా ఉంటే ముందు ఇన్‌ఫెక్షన్ అనే అనుకుంటారు, అందులో తప్పులేదు. కానీ యాంటీబయాటిక్ ఒక కోర్సు వాడాక, అంటే వారం పది రోజులకు, తగ్గకపోతే రెండో కోర్సు మొదలుపెట్టే ముందే బొమ్మ తీయించాలి, అవసరమైతే ముక్క తీయించాలి. ఇన్‌ఫ్లమేటరీ క్యాన్సర్ అనే తీవ్రమైన రకం అచ్చం ఇలాగే వస్తుంది. అందులో గడ్డ అసలు తగలకపోవచ్చు.

పాలిచ్చే తల్లుల విషయంలో ఒక మాట. ‘పాలు గడ్డకట్టాయి, కాపడం పెట్టుకో’ అని నెలల తరబడి గడిపేయడం పెద్ద ప్రమాదం. పాల గడ్డ అయితే బిడ్డ తాగాక మెత్తబడాలి, కొద్ది రోజుల్లో కరగాలి. రెండు వారాలు దాటినా అలాగే ఉంటే అల్ట్రాసౌండ్ చేయించాలి. గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా అల్ట్రాసౌండ్‌కూ, కోర్ బయాప్సీకీ (లావు సూదితో ముక్క తీయడానికీ) అడ్డేమీ లేదు. మగవాళ్లకూ రొమ్ము క్యాన్సర్ వస్తుంది, మొత్తం కేసుల్లో 1 శాతం దాకా. చనుమొన వెనక గట్టి గడ్డ ఉన్న మగవాళ్లు సిగ్గుపడి కూర్చోకూడదు.

ఏ పరీక్ష ముందు

ఇక్కడ రెండు వేర్వేరు సంగతులున్నాయి, వాటిని కలిపేయకూడదు. ఏ లక్షణమూ లేని వారికి చేసేది స్క్రీనింగ్. గడ్డో, మరో మార్పో ఉన్నవారికి చేసేది రోగ నిర్ధారణ పరీక్ష. మెషిన్ ఒకటే గానీ పని వేరు. రెండో దాంట్లో గడ్డ ఉన్న చోట గుర్తు పెట్టి, అదనపు కోణాల్లో బొమ్మలు తీసి, అదే పూట అల్ట్రాసౌండ్ కూడా చేస్తారు. కాబట్టి పేరు రాయించుకునేటప్పుడే ‘నాకు గడ్డ తగులుతోంది, ఫలానా వైపు’ అని చెప్పండి. చెప్పకపోతే మామూలు నాలుగు బొమ్మలు తీసి పంపేస్తారు.

గడ్డ ఉన్నవారిలో 30 ఏళ్ల లోపు వాళ్లకు అల్ట్రాసౌండ్ ముందు. ఆ వయసులో రొమ్ము చిక్కగా ఉండి మామోగ్రామ్‌లో సరిగ్గా కనిపించదు. 40 దాటినవారికి మామోగ్రామ్ ముందు, వెంటనే అల్ట్రాసౌండ్. నడిమి వయసులో రెండిట్లో ఏదైనా మొదలుపెట్టవచ్చు.

లక్షణాలు లేనివారు ఎప్పటి నుంచి చేయించుకోవాలన్నదానిపై దేశాల మధ్య ఏకాభిప్రాయం లేదు. అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2024 నుంచి 40–74 ఏళ్ల మధ్య రెండేళ్లకోసారి అంటోంది. బ్రిటన్‌లో 50 నుంచి 71 ఏళ్ల లోపు మూడేళ్లకోసారి పిలుస్తారు. మీ దేశపు పద్ధతి ఏదైనా, రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యు లోపం ఉన్నవారు, 10–30 ఏళ్ల మధ్య ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవారు ఈ లెక్కల్లోకి రారు. వాళ్లకు ఏటా ఎంఆర్‌ఐ కూడా కావాలి, అదీ చిన్న వయసులోనే మొదలవ్వాలి. తల్లికో, అక్కచెల్లెళ్లకో 50 లోపే రొమ్ము క్యాన్సర్ వచ్చినా, ఇంట్లో ఎవరికైనా అండాశయ క్యాన్సర్ వచ్చినా, మగవాళ్లకు రొమ్ము క్యాన్సర్ వచ్చినా జన్యు పరీక్ష గురించి అడగాలి. తండ్రి వైపు చరిత్ర కూడా చెప్పండి. ఆ లోపం తండ్రి నుంచి కూడా వస్తుంది, ఆ సంగతి చాలామంది మరిచిపోతారు.

రక్తంలో క్యాన్సర్ ఆనవాలు చూసే సీఏ 15-3 పరీక్షతో తొలిదశ క్యాన్సర్‌ను పట్టలేం. తొలిదశలో అది చాలామందిలో మామూలుగానే ఉంటుంది. వేడిని ఫొటో తీసే థర్మోగ్రఫీ కూడా మామోగ్రామ్‌కు బదులు కాదు. ‘నొక్కుడు లేదు, రేడియేషన్ లేదు’ అని చెప్పి అమ్మే ఈ పరీక్షలను నమ్ముకుని అసలు పరీక్ష మానేయకండి.

మామోగ్రామ్ రోజు

నెలసరి మొదలైన 7వ రోజు నుంచి 14వ రోజు లోపు అయితే రొమ్ములు అంత నొప్పిగా ఉండవు. గడ్డ ఉన్నవారు మాత్రం ఆ తేదీల కోసం ఆగవద్దు. ఆ రోజు చంకల్లో గానీ రొమ్ముల కింద గానీ పౌడరు, డియోడరెంట్, క్రీము వేసుకోకూడదు. వాటిలోని కణాలు బొమ్మలో తెల్లటి చుక్కల్లా పడి, రొమ్ములో పేరుకునే కాల్షియం చుక్కలు, అంటే సున్నపు చుక్కలేమోనన్న అనుమానం తెస్తాయి. పై వస్త్రం విడిగా తీసేలా ఉండాలి. పాలిస్తున్నవారు సరిగ్గా ముందే బిడ్డకు పట్టడం మంచిది. ఇంప్లాంట్లున్నా, గర్భం ఉన్నా ముందే చెప్పాలి. పాత మామోగ్రామ్‌లు ఉంటే బొమ్మలే తీసుకెళ్లండి, రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. రెండేళ్ల కిందటి బొమ్మలోనూ అదే మచ్చ అంతే ఉందని తేలితే బయాప్సీ తప్పిపోవచ్చు. కొత్తగా వచ్చిందని తేలితే మామూలుగా కనిపించే మచ్చ కూడా అనుమానం కిందికి వస్తుంది.

ఒక్కో రొమ్మును పలకల మధ్య పెట్టి పైనుంచి ఒకసారి, పక్కనుంచి ఏటవాలుగా ఒకసారి నొక్కుతారు. మొత్తం నాలుగు బొమ్మలు. ఒక్కో నొక్కుడు కొన్ని సెకన్లే. నొక్కడం వల్ల కణజాలం పరుచుకుని ఒకదాని వెనక ఒకటి దాక్కోకుండా ఉంటుంది, కదలక బొమ్మ స్పష్టంగా వస్తుంది, రేడియేషన్ కూడా తక్కువ సరిపోతుంది. నాలుగు బొమ్మలకూ కలిపి పడే మోతాదు సుమారు 0.4 మిల్లీసీవర్ట్. ప్రకృతిలో సహజంగా ఏడు వారాల్లో మనకు తగిలేంత.

బొమ్మ బాగా వచ్చిందో లేదో అన్నది మెషిన్ ఖరీదు మీద కన్నా టెక్నీషియన్ చేతి మీద ఆధారపడుతుంది. ఏటవాలు బొమ్మలో ఛాతీ కండరం తెల్లటి త్రికోణంలా పై మూల నుంచి దిగి కనీసం చనుమొన ఎత్తు దాకా రావాలి. చనుమొన పక్కనుంచి చూసినట్టు స్పష్టంగా బయటికి కనబడాలి. రొమ్ము కింది మడత తెరుచుకుని బొమ్మలో ఉండాలి. కండరం కొద్దిగానే కనిపించిందంటే రొమ్మును సరిపడా ముందుకు లాగలేదని, వెనక భాగం, చంక వైపు తోక భాగం బొమ్మలోకి రాలేదని అర్థం. రాని చోట ఏముందో ఎవరూ చెప్పలేరు. భుజం బిగబట్టుకుని నిలబడితే ఇదే జరుగుతుంది. టెక్నీషియన్ చెప్పినప్పుడు భుజం వదులు చేసి ముందుకు వాలండి. కొద్దిసేపటి ఆ ఇబ్బందే మొత్తం పరీక్షకు ప్రాణం.

టోమోసింథసిస్ అనే త్రీడీ మామోగ్రామ్‌లో ఎక్స్‌రే ట్యూబు విల్లులా కదులుతూ పలు బొమ్మలు తీస్తుంది. రేడియాలజిస్టు రొమ్మును పొరలు పొరలుగా తిప్పి చూస్తారు. ఒకదాని మీద ఒకటి పడ్డ మామూలు కణజాలం గడ్డలా భ్రమ కలిగించడం దీంతో తగ్గుతుంది.

రిపోర్టులో సాంద్రత అని ఏ, బీ, సీ, డీల్లో ఒక అక్షరం ఉంటుంది. ఏ అంటే దాదాపు అంతా కొవ్వు, డీ అంటే బాగా చిక్కటి రొమ్ము. కొవ్వు నల్లగా కనిపిస్తుంది, క్యాన్సర్ తెల్లగా కనిపిస్తుంది, చిక్కటి కణజాలం కూడా తెల్లగానే కనిపిస్తుంది. మబ్బులో పత్తి వెతికినట్టు. సీ, డీ అని ఉంటే అల్ట్రాసౌండో, ఎంఆర్‌ఐయో అదనంగా అవసరమా అని అడగండి. మామోగ్రామ్ సుమారు 8 క్యాన్సర్లలో ఒకదాన్ని పట్టుకోలేదు. చేతికి తగిలే గడ్డ ఉండి మామోగ్రామ్ మామూలుగా వస్తే ఆ గడ్డ సంగతి తేలినట్టు కాదు.

అల్ట్రాసౌండ్‌లో చూసేది గడ్డ ఆకారం. అడ్డంగా పడుకున్నట్టు, నున్నటి అంచుతో ఉంటే చాలావరకు నిరపాయం. నిలువుగా లేచి, అంచు ముళ్లుముళ్లుగా ఉండి, వెనక నల్లటి నీడ పడితే అనుమానించాలి. సున్నపు చుక్కలను అల్ట్రాసౌండ్ సరిగ్గా చూపలేదు. మామోగ్రామ్‌లో చుక్కలు గుంపుగా, సన్నటి గీతల్లా, కొమ్మలుగా చీలినట్టు కనిపిస్తే అవి పాలనాళాల్లోని తొలిదశ క్యాన్సర్ గుర్తులు కావచ్చు. అది ఇంకా నాళం గోడ దాటని దశ. దాన్ని పట్టుకోవడంలో మామోగ్రామ్‌కు సాటి లేదు.

ఇప్పుడు బొమ్మలు చదవడంలో కృత్రిమ మేధ కూడా చేరింది. స్వీడన్‌లో 80,033 మందిపై జరిగిన మసాయ్ పరిశోధనలో, 2023 ఫలితాల ప్రకారం, కృత్రిమ మేధ సాయంతో చదివినప్పుడు ప్రతి 1,000 మందిలో 6.1 క్యాన్సర్లు దొరికాయి, ఇద్దరు డాక్టర్లు చదివే మామూలు పద్ధతిలో 5.1 దొరికాయి. చదివే పని 44.3 శాతం తగ్గింది. రేడియాలజిస్టు కన్ను మాత్రం అక్కడా ఉంది, తీసేయలేదు. పైగా సరిగ్గా తీయని బొమ్మలో రాని భాగాన్ని ఏ కంప్యూటరూ చూడలేదు.

బైరాడ్స్ అంకె ఎలా చదవాలి

రిపోర్టు చివర బైరాడ్స్ అని, బొమ్మలో క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే ఒక అంకె ఉంటుంది. అది క్యాన్సర్ దశ కాదు. బైరాడ్స్ 4 చూసి నాలుగో దశ అనుకుని ఇంటిల్లిపాదీ కుంగిపోవడం తరచు జరిగేదే.

0 అంటే పరీక్ష పూర్తి కాలేదు, ఇంకా బొమ్మలు కావాలి. ‘సున్నా వచ్చింది, ఏమీ లేదు’ అని వదిలేస్తే అది పెద్ద పొరపాటు. 1, 2 అంటే భయం లేదు. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతం లోపు, 6 నెలల్లో మళ్లీ చూడాలి. ఆ ఆరు నెలల తేదీని ఆ రోజే రాసి పెట్టుకోండి. 3 వచ్చినవారు తిరిగి రాకపోతే ఆ అంకెకు అర్థమే పోతుంది. 4 నుంచి బయాప్సీ తప్పదు: 4ఏలో 2 నుంచి 10 శాతం, 4బీలో 10 నుంచి 50, 4సీలో 50 నుంచి 95 శాతం అనుమానం. 5 అంటే 95 శాతం లేదా అంతకు మించి. 6 అంటే ఇప్పటికే ముక్క పరీక్షలో తేలిన క్యాన్సర్.

ముక్క పరీక్ష

గడ్డను ముందు ఆపరేషన్ చేసి తీసేసి, ‘తర్వాత పరీక్షకు పంపుదాం’ అనేవారు ఇంకా ఉన్నారు. ఒప్పుకోకండి. అది క్యాన్సర్ అని తర్వాత తేలితే అంచులు సరిగ్గా తీయక, చంక బిళ్లల లెక్క చూడక రెండో ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. కీమో ముందు ఇవ్వాల్సిన రకమైతే ఆ అవకాశమే పోతుంది. సూదితో ముక్క ముందు, ఆపరేషన్ తర్వాత.

సన్న సూదితో కణాలు పీల్చే ఎఫ్‌ఎన్‌ఏసీ నీటితిత్తికీ, చంక బిళ్లకూ పనికొస్తుంది. రొమ్ము గడ్డకు మాత్రం కోర్ బయాప్సీ కావాలి. విడి కణాల్లో క్యాన్సర్ ఉందని తెలిసినా, అది నాళం గోడ దాటిందో లేదో తెలియదు. దానికి కణజాలం అమరిక చెడని ముక్క ఉండాలి. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, సాధారణంగా 14 గేజ్ సూదితో నాలుగైదు ముక్కలు తీస్తారు. సూది తుపాకీ ‘టక్’మని గట్టిగా మోగుతుంది. ముందే తెలిస్తే ఉలిక్కిపడరు. సున్నపు చుక్కలకు మామోగ్రామ్ దారి చూపగా వాక్యూమ్ సూదితో తీసి, ఆ ముక్కలను అక్కడే ఎక్స్‌రే తీసి చుక్కలు వచ్చాయో లేదో చూసుకోవాలి. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. తీశాక పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టి, తర్వాత ఐస్ పెట్టి, ఒక రోజు బరువులు ఎత్తకుండా ఉంటే చాలు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకిపోతుందన్న భయంతో నెలలు గడిపేవాళ్లున్నారు. సూది పరీక్ష వల్ల రోగుల ఆయుష్షు తగ్గినట్టు ఆధారం లేదు. తగ్గించేది ఆ గడిచిన నెలలే.

ఇక తీసిన ముక్క సంగతి. కణజాలం చెడకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం సీసాలో వేయగానే మంచి ముక్క సాధారణంగా అడుక్కి దిగుతుంది, కొవ్వు ముక్క పైకి తేలుతుంది. అన్నీ తేలుతున్నాయంటే సూది గడ్డలోకి వెళ్లలేదేమోనని అనుమానించి అప్పుడే మరో ముక్క తీయాలి. ఒంట్లోంచి తీసిన గంటలోపు ముక్క ఫార్మలిన్‌లో పడాలి. ముక్కకు కనీసం పది రెట్లు ద్రవం ఉండాలి. అందులో 6 నుంచి 72 గంటలు నానాలి. ఉప్పునీటిలో వేసి పంపినా, అడుగున కాసింత ఫార్మలిన్ పోసి సరిపెట్టినా, ఎండలో బస్సులో రెండ్రోజులు తిప్పినా ప్రొటీన్లు పాడైపోతాయి. క్యాన్సర్ కణాల్లో హార్మోన్లను పట్టుకునే గ్రాహకాలు నిజంగా ఉన్నా ‘లేవు’ అని రిపోర్టు వస్తుంది. ఆ ఒక్క తప్పుతో ఏళ్ల తరబడి పనిచేయాల్సిన మాత్ర రోగికి అందకుండా పోతుంది. సీసా మీద పేరు, ఏ వైపు రొమ్ము, ముక్క తీసిన సమయం రాసి ఉన్నాయో లేదో చూడండి. ఇది అడగడం ఎవరినీ అవమానించడం కాదు.

ఫలితం వచ్చాక మొదట్లో చెప్పిన నియమం గుర్తు చేసుకోవాలి. బొమ్మలో బైరాడ్స్ 5 ఉండి ముక్కలో ‘క్యాన్సర్ లేదు’ అని వస్తే సంబరపడకూడదు. ఎక్కువగా సూది గురి తప్పి ఉంటుంది. మళ్లీ ముక్క తీయాల్సిందే. ‘ఈ ఫలితం బొమ్మతో సరిపోతోందా?’ అని రేడియాలజిస్టును అడగండి. రోగి అడగగలిగిన ప్రశ్నల్లో ఇంత విలువైనది ఇంకోటి లేదు.

క్యాన్సర్ అని తేలితే రిపోర్టులో చూడాల్సినవి

‘ఇన్వేసివ్’ (నాళం గోడ దాటి పాకినది) అన్న మాట ఉందా లేదా అన్నది మొదటిది. గ్రేడు 1, 2, 3 అంటే కణాలు ఎంత వికృతంగా, ఎంత వేగంగా ఉన్నాయన్న లెక్క. ఇది కూడా దశ కాదు. తర్వాత చికిత్సను నిర్ణయించే మూడు పేర్లు: ఈఆర్, పీఆర్ (ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్ల గ్రాహకాలు), హెర్2 (కణాల పెరుగుదలను పెంచే ప్రొటీన్). ఈఆర్ 1 శాతం కణాల్లో ఉన్నా పాజిటివ్ కిందే లెక్క, 1–10 శాతం మధ్య ఉంటే తక్కువ పాజిటివ్ అంటారు. హెర్2 0, 1+ అయితే నెగెటివ్, 3+ అయితే పాజిటివ్. 2+ అంటే తేలలేదని, ఫిష్ అనే జన్యు పరీక్ష చేసి తేల్చాలని. 2+ దగ్గర ఆగిపోయిన రిపోర్టుతో చికిత్స మొదలుపెట్టనివ్వకండి. మూడూ నెగెటివ్ అయితే ట్రిపుల్ నెగెటివ్ అంటారు. ఏ సందేహమున్నా వేరే పెథాలజిస్టుకు చూపించే హక్కు మీది. అందుకు రిపోర్టు కాగితం చాలదు, ముక్కను మైనంలో పోసి దాచిన బ్లాకులు అడిగి తీసుకోవాలి.

చికిత్స వరుస

చిన్న గడ్డ, హార్మోన్ పాజిటివ్ (ఈఆర్ గానీ పీఆర్ గానీ ఉన్నది) అయితే సాధారణంగా ఆపరేషన్ ముందు. హెర్2 పాజిటివ్ గానీ ట్రిపుల్ నెగెటివ్ గానీ అయి, గడ్డ 2 సెం.మీ. దాటినా, చంక బిళ్లల్లోకి వెళ్లినా మందులు ముందు, ఆపరేషన్ తర్వాత. గడ్డ మందుకు ఎంత కరిగిందో కళ్లారా తెలుస్తుంది, దాన్నిబట్టి తర్వాతి మందు మార్చవచ్చు. అయితే మందులు మొదలుకాకముందే గడ్డలో చిన్న లోహపు క్లిప్ పెట్టించాలి. కీమోకు గడ్డ పూర్తిగా మాయమైతే ఆ క్లిప్పే సర్జన్‌కు గుర్తు. ఇది మరిచిపోతే ఎక్కడ కోయాలో తెలియదు.

గడ్డ మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్ము మొత్తం తీసేసినా బతికే కాలం ఒకటే. మిలాన్‌లోనూ, అమెరికాలోనూ జరిగిన పరిశోధనలు 20 ఏళ్లు గమనించి 2002లో ఈ సంగతి ఖాయం చేశాయి. ‘మొత్తం తీసేస్తే పీడా పోతుంది’ అన్న భయంతో నిర్ణయం తీసుకోకండి. చంకలో బిళ్లలన్నీ తీసే పద్ధతి కూడా మారింది. నీలి రంగు గానీ, రేడియో ధార్మిక ద్రవం గానీ ఎక్కించి, అది మొదట చేరే ఒకటి రెండు బిళ్లలనే తీసి చూస్తారు. వాటిలో ఏమీ లేకపోతే మిగతావి తీయరు, కాబట్టి చెయ్యి వాచే బాధ బాగా తగ్గింది. నీలి రంగు వాడితే ఒకట్రెండు రోజులు మూత్రం ఆకుపచ్చగా, నీలంగా వస్తుంది. కంగారు పడక్కర్లేదు.

రేడియేషన్, అదే జనం ‘కరెంటు పెట్టడం’ అనేది, ఒకప్పుడు 25 రోజులు, 5 వారాలు. తర్వాత 15 రోజులకు వచ్చింది. 2020లో వెలువడిన ఫాస్ట్-ఫార్వర్డ్ పరిశోధన, తగిన రోగులకు వారంలో 5 పూటల్లో మొత్తం 26 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) ఇచ్చినా ఫలితం తగ్గదని చూపింది. దూరం నుంచి వచ్చేవాళ్లకు ఇది పెద్ద ఊరట, తప్పక అడగండి. ఎడమ రొమ్ముకైతే ఊపిరి లోపలికి పట్టి ఉంచి ఇచ్చే పద్ధతి ఉందేమో కనుక్కోండి. ఊపిరి నిండినప్పుడు గుండె కిరణాల దారి నుంచి పక్కకు జరుగుతుంది.

హెర్2 పాజిటివ్‌కు 1998లో వచ్చిన ట్రాస్టుజుమాబ్ అనే మందు కథ మార్చేసింది. మూడు వారాలకోసారి, మొత్తం ఏడాది. ఇది గుండె బలాన్ని తగ్గించవచ్చు, కాబట్టి ముందొకసారి, తర్వాత మూడు నెలలకోసారి ఎకో (గుండె అల్ట్రాసౌండ్) తప్పనిసరి. ట్రిపుల్ నెగెటివ్‌లో రెండో, మూడో దశకు కీమోతో పాటు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పంపే మందు) చేరింది. హార్మోన్ పాజిటివ్ వారిలో కొందరికి కీమో అవసరమే లేదు. 21 జన్యువుల ఆంకోటైప్ పరీక్ష ఆ సంగతి చెబుతుంది. చంక బిళ్లల్లోకి పాకని, 50 దాటిన వారిలో స్కోరు 25 దాకా ఉంటే కీమోతో లాభం లేదని 2018లో తేలింది.

కీమోకు ముందు హెపటైటిస్ బి పరీక్ష చేయించాలి. లోపల నిద్రపోతున్న వైరస్ కీమోతో లేచి కాలేయాన్ని దెబ్బతీయవచ్చు. పిల్లలు కావాలనుకునేవారు అండాలు దాచుకునే సంగతి మొదటి కీమోకు ముందే మాట్లాడాలి, దానికి సుమారు రెండు వారాలు పడుతుంది. కీమో ఎక్కాక ఇంట్లో థర్మామీటర్ ఉండాలి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటితే అది రాత్రయినా, పండగయినా నేరుగా అత్యవసర విభాగానికే. తెల్ల రక్తకణాలు అడుగంటే 7 నుంచి 14వ రోజు మధ్య మరీ జాగ్రత్త. జ్వరం కొలవకుండా పారాసిటమాల్ వేసుకుంటే జ్వరం దాగుతుంది, ఇన్‌ఫెక్షన్ దాగదు.

హార్మోన్ మాత్రలు టామోక్సిఫెన్ అయితే రోజుకు 20 మి.గ్రా., నెలసరి ఆగిపోయినవారికి లెట్రోజోల్ 2.5 మి.గ్రా. లాంటివి, 5 నుంచి 10 ఏళ్లు. ఇవి మధ్యలో మానేసేవాళ్లు చాలామంది. కీళ్ల నొప్పులు, ఒంట్లో ఆవిర్లు భరించలేక, డాక్టరుకు చెప్పకుండానే ఆపేస్తారు. చెబితే మందు మార్చడానికి దారులున్నాయి. టామోక్సిఫెన్ వాడుతూ గర్భం రానివ్వకూడదు. నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా వెంటనే చూపించాలి. పారాక్సెటిన్, ఫ్లూక్సెటిన్ లాంటి మానసిక మందులు టామోక్సిఫెన్ పనిని తగ్గించవచ్చు, అవి వాడుతుంటే చెప్పండి. లెట్రోజోల్ మొదలుపెట్టేటప్పుడు ఎముకల సాంద్రత పరీక్ష చేయించాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గడువు ఇది: డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజు నుంచి 60 రోజుల్లో నిర్ధారణ పూర్తవ్వాలి. ఆ గడువు దాటకుండా ఉండాలంటే ఒక ఫైలు మీ చేతిలో ఉండాలి. బొమ్మల సీడీలు, బైరాడ్స్ రిపోర్టులు, పెథాలజీ రిపోర్టు, బ్లాకుల నంబర్లు, ఎకో కాగితాలు, ఎక్కిన ప్రతి మందు పేరు, మోతాదు, తేదీ. చికిత్స అయ్యాక ఏటా మామోగ్రామ్ చేయించాలి. గడ్డ మాత్రమే తీసినవారికి మొదటిది రేడియేషన్ ముగిసిన 6 నుంచి 12 నెలలకు. లక్షణాలేమీ లేకుండా పదేపదే పెట్ స్కాన్లు, రక్తంలో ట్యూమర్ మార్కర్లు అక్కర్లేదు. కానీ వారాల తరబడి తగ్గని ఎముకల నొప్పి, వదలని దగ్గు, కొత్తగా వచ్చిన తలనొప్పి, ఆపరేషన్ మచ్చ దగ్గర చిన్న బొడిపె వస్తే తర్వాతి తేదీ దాకా ఆగకండి, ఫైలు పట్టుకుని ఆ వారంలోనే వెళ్లండి.